పది ఆజ్ఞలను ఆటలతో నేర్పే పద్ధతులు

బైబిలులోని పది ఆజ్ఞలను పిల్లలకు ఆటల ద్వారా నేర్పడం ఆదివారపు బడులలోను, వేసవి సెలవులలో జరిగే బైబిలు పాఠశాలలలోను చాలాకాలంగా ఉన్న పద్ధతి. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల క్రైస్తవ కుటుంబాలకు ఈ విషయంలో వేరే ఊళ్లవారికి లేని ఒక చిక్కు ఉన్నది. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. అవ్వాతాతలు చదివే తెలుగు బైబిలును మనుమలు విని గ్రహించగలరు గాని, చాలామంది చదవలేరు. కన్నడ బైబిలును చదవగలరు గాని, అందులోని గ్రాంథిక పదాలు వారి నోటికి పట్టవు. ఇటువంటి పిల్లలకు పుస్తకం ముందుపెట్టి కంఠస్థం చేయించడం కంటె, చెవితో విని, నోటితో పలికి, చేతులతో చేసే ఆట ఎక్కువ మేలు చేస్తుంది. అటువంటి ఆటల వివరణ, వాటి వెనుక ఉన్న చరిత్ర, పాటించవలసిన జాగ్రత్తలు ఈ వ్యాసంలో ఉన్నాయి.

పది ఆజ్ఞలు ఏవి?

పది ఆజ్ఞలు బైబిలులో రెండు చోట్ల కనిపిస్తాయి. మొదటిది నిర్గమకాండము 20వ అధ్యాయం, రెండవది ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుండి విడుదల పొందిన తరువాత సీనాయి కొండ వద్ద మోషే ద్వారా ఇవి వారికి అందాయని, రెండు రాతి పలకలపై వ్రాయబడినాయని బైబిలు చెబుతుంది. వాటి సారాంశం ఇది:

1. దేవుడు ఒక్కడే, వేరొకరికి ఆ స్థానం ఇవ్వరాదు.
2. విగ్రహాలు చేసుకొని పూజించరాదు.
3. దేవుని నామాన్ని తేలికగా, వృథాగా పలుకరాదు.
4. వారంలో ఒక దినాన్ని విశ్రాంతికి, ఆరాధనకు ప్రత్యేకించాలి.
5. తల్లిదండ్రులను గౌరవించాలి.
6. మనిషి ప్రాణం తీయరాదు.
7. వివాహ బంధానికి ద్రోహం చేయరాదు.
8. దొంగతనం చేయరాదు.
9. పొరుగువానిపై అబద్ధపు సాక్ష్యం చెప్పరాదు.
10. పొరుగువానికి ఉన్నదానిపై దురాశ పెంచుకోరాదు.

ఈ వరుస చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.) మొదలైన సంఘాలలో వాడుకలో ఉన్నది. కతోలిక సంఘంలోను, లూథరన్ సంఘాలలోను లెక్క కొంత వేరు. వారు మొదటి రెండింటిని కలిపి ఒకటిగా లెక్కించి, చివరిదానిని రెండుగా విడదీస్తారు. అందువలన దొంగతనాన్ని గురించిన ఆజ్ఞ సి.ఎస్.ఐ. పిల్లలకు ఎనిమిదవది, కతోలిక పిల్లలకు ఏడవది. మూలంలోని మాటలు రెండు వర్గాలకూ ఒకటే, అంకెలు మాత్రమే మారుతాయి. ఒకే వీధిలోని రెండు సంఘాల పిల్లలు కలిసి ఆడేటప్పుడు "నీవు తప్పు చెప్పావు" అనే తగవు ఇక్కడే పుడుతుంది. ఆట ప్రారంభానికి ముందే పెద్దలు ఈ సంగతి చెప్పి, ఆనాటికి ఏ లెక్క పాటించాలో నిర్ణయించాలి. లేదా అంకెలు విడిచి, ఆజ్ఞలను "విశ్రాంతి ఆజ్ఞ", "సాక్ష్యపు ఆజ్ఞ" అని పేర్లతో పిలవాలి. ఈ వ్యాసంలోని ఆటలకు పై వరుసనే తీసుకోవడం జరిగింది.

రెండు భాషల చిక్కు

సరిహద్దు పిల్లలకు బైబిలు పుస్తకాల పేర్లే మొదటి అడ్డంకి. తెలుగులో నిర్గమకాండము అనే పుస్తకం కన్నడ బైబిలులో విమోచనకాండ. ద్వితీయోపదేశకాండము కన్నడంలో ధర్మోపదేశకాండ. తెలుగు ప్రసంగంలో విన్న పేరును కన్నడ బైబిలు విషయసూచికలో వెదికే పిల్లవానికి అది దొరకదు. విశ్రాంతి దినం కన్నడంలో సబ్బత్ దిన, అబద్ధ సాక్ష్యం సుళ్ళు సాక్షి అవుతాయి. అయితే నరహత్య, వ్యభిచారం, ఆజ్ఞ వంటి పదాలు రెండు భాషలలోనూ దాదాపు ఒక్కటే. కలిసే పదాల నుండి మొదలుపెట్టి కలవని పదాలకు వెళ్లడం సులువైన మార్గం.

ఇందుకు ఈ ప్రాంతంలోనే ఒక మంచి దారి ఉన్నది. చింతామణి తాలూకాలోని కైవారం నారేయణ తాతయ్య తెలుగులో చెప్పిన తత్వాలను కన్నడ లిపిలో చదివి పాడుకొనేవారు ఇక్కడ ఎందరో ఉన్నారు. భాష తెలుగు, లిపి కన్నడం. అదే విధంగా పది ఆజ్ఞల తెలుగు మాటలను కన్నడ లిపిలో చీట్లపై వ్రాసి ఇస్తే, తెలుగు అక్షరం రాని పిల్లలు కూడా ఇంటి భాషలోనే వాటిని చదువుతారు. రెండు లిపులూ ఒకే మూలం నుండి వచ్చినవి, చాలా అక్షరాలు పోలి ఉంటాయి. క, త, శ వంటి తేడా గల కొన్ని అక్షరాలను, తలకట్టు తీరును గుర్తుపడితే తెలుగు లిపి కూడా త్వరగానే పట్టుబడుతుంది.

చరిత్ర

పిల్లలకు ఆజ్ఞలు నేర్పే బాధ్యత మొదట ఇంటిదే. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం ఇంట్లో ఉన్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకొనేటప్పుడు, లేచినప్పుడు ఆ మాటలను పిల్లలతో మాట్లాడమని తల్లిదండ్రులకు చెబుతుంది. 1529లో మార్టిన్ లూథర్ ప్రచురించిన చిన్న ప్రశ్నోత్తరి కూడా కుటుంబ పెద్ద తన ఇంటివారికి నేర్పే రీతిలో పది ఆజ్ఞలతోనే మొదలవుతుంది. ఒక్కొక్క ఆజ్ఞ తరువాత దాని అర్థమేమిటని ప్రశ్న, దానికి చిన్న జవాబు ఉంటాయి. ప్రశ్న, జవాబు అనే ఈ పద్ధతి నేటి చాలా ఆటలకు ఆధారం.

ఆదివారపు బడి ఉద్యమానికి ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో 1780లో రాబర్ట్ రైక్స్ ఊపునిచ్చాడు. వారమంతా పనిచేసే పేద పిల్లలకు ఆదివారం నాడు చదవడం, బైబిలు నేర్పడం దాని లక్ష్యం. భారతదేశంలో ఇండియా సండేస్కూల్ యూనియన్ 1876లో అలహాబాదులో ఏర్పడింది. సెలవుల బైబిలు పాఠశాలలు 19వ శతాబ్దం చివరి దశాబ్దంలో అమెరికాలో పుట్టి, తరువాత ఇతర దేశాలకు వ్యాపించాయి. వాడుకలో వి.బి.ఎస్. అని పిలిచే ఈ పాఠశాలలు కర్ణాటకలో ఏప్రిల్, మే మాసాల సెలవులలో జరుగుతాయి. పాట, కథ, కంఠత వాక్యం, చేతిపని, ఆట అనే అయిదు భాగాలు వీటిలో సాధారణంగా ఉంటాయి.

ఈ ప్రాంతానికి క్రైస్తవ బోధ తెలుగులో చేరడం పాత విషయమే. 18వ శతాబ్దపు తొలి భాగంలో కర్ణాటక మిషన్‌కు చెందిన ఫ్రెంచి జెస్యూట్ గురువులు పుంగనూరు, చిక్కబళ్ళాపురం ప్రాంతాలలో పనిచేశారు. తరువాత లండన్ మిషనరీ సొసైటీ 1810లో బళ్ళారిలోను, 1820లో బెంగళూరులోను, 1822లో కడపలోను కేంద్రాలు నెలకొల్పింది. బళ్ళారిలో జాన్ హాండ్స్ కృషితో కన్నడ బైబిలు 1831 నాటికి పూర్తయింది. సంపూర్ణ తెలుగు బైబిలు 1854లో వెలువడింది. 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు లండన్ మిషన్ సంఘాలు అందులో చేరాయి. అందువలన నేటికీ ఈ పల్లెలలో పాటలు తెలుగులో, ప్రకటనలు కన్నడంలో సాగడం వింత కాదు.

నీతిని ఆటతో నేర్పడం మన దేశానికి కొత్త కాదు. పరమపద సోపాన పటం, అంటే వైకుంఠపాళి, పుణ్యానికి నిచ్చెన, పాపానికి పాము అనే భావంపై నిర్మించిన ఆట. అదే 19వ శతాబ్దం చివరలో ఇంగ్లండు చేరి పాములు-నిచ్చెనల ఆటగా మారింది.

మంచి ఆటకు గుర్తు

ఆజ్ఞను అప్పగించినవారికి మార్కు ఇచ్చే పోటీలు చాలా ఉన్నాయి. వాటి వలన వరుస నోటికి వస్తుంది. కాని "అబద్ధ సాక్ష్యం చెప్పరాదు" అని తడబాటు లేకుండా అప్పగించిన పిల్లవాడే, మరునిమిషంలో తాను అవుటు కాలేదని బొంకవచ్చు. అప్పుడు వాడు నేర్చినది మాట మాత్రమే. ఆట నియమమే ఆ ఆజ్ఞను పిల్లవాని ముందు నిలబెట్టాలి. గీత తొక్కినదీ లేనిదీ తనకు ఒక్కడికే తెలిసిన క్షణంలో వాడు ఏమి చెబుతాడన్నదే తొమ్మిదవ ఆజ్ఞ పాఠం. ఈ క్రింది ఆటలను ఆ దృష్టితోనే ఎన్నుకోవడం జరిగింది. అన్నీ పల్లెలో పిల్లలకు తెలిసిన ఆటలే, కొనవలసిన వస్తువులు దాదాపు లేవు.

1. వేళ్ల గుర్తులు

నాలుగేళ్ల పిల్లలు కూడా ఆడగలరు. వస్తువులు అక్కరలేదు. ఒక్కొక్క అంకెను వేళ్లతో చూపి, ఆ చేష్టతోనే అర్థం చెప్పాలి.

ఒకటి: చూపుడువేలు పైకెత్తడం. రెండు: రెండు వేళ్లు ఎత్తి, రెండవదానిని ముడవడం. మూడు: మూడు వేళ్లను పెదవులపై ఉంచడం. నాలుగు: నాలుగు వేళ్లు నిలిపి, బొటనవేలిని అరచేతిలో పడుకోబెట్టడం, అది విశ్రాంతి. అయిదు: తెరిచిన చేతిని గుండెపై ఉంచడం. ఆరు: కుడిచేతి ఒక వేలు దూసుకురాగా ఎడమ అరచేయి దానిని ఆపడం. ఏడు: ఎడమచేతి అయిదు వేళ్లకు తోడు కుడిచేతి రెండు వేళ్లను జతగా నిలపడం. ఎనిమిది: కుడిచేతి మూడు వేళ్లతో ఎడమ అరచేతి నుండి ఏదో తీయబోయి తిరిగి పెట్టినట్లు చేయడం. తొమ్మిది: నాలుగు వేళ్లను నోటి ప్రక్కన గుసగుసకు పెట్టి, వెంటనే తీసివేయడం. పది: రెండు చేతులు చాచి, మరల వెనక్కు తెచ్చుకొని ముడవడం.

పెద్దలు గుర్తు చూపితే పిల్లలు మాట చెప్పాలి, తరువాత మాట చెబితే గుర్తు చూపాలి. ఒకరు తెలుగులో చెబితే మరొకరు కన్నడంలో చెప్పడం మూడవ మెట్టు.

2. పది గడుల తొక్కుడుబిళ్ల

కన్నడంలో కుంటెబిల్లె అనే ఆట ఇదే. నేలపై పది గడులు గీసి అంకెలు వేయాలి. బిళ్ల పడిన గడికి చెందిన ఆజ్ఞను చెప్పి కుంటుతూ వెళ్లి రావాలి. ఇక్కడ ప్రత్యేక నియమం ఒక్కటే: గీత తొక్కినదా లేదా అని చెప్పవలసినది ఆడేవారే, మిగిలినవారు వ్రేలెత్తి చూపరాదు. "తొక్కాను" అని తానే చెప్పినవారు ఆ వంతు వదులుకుంటారు గాని, గెలిచిన గడులు వారికే ఉంటాయి. మొదట కొందరు దాచిపెడతారు. నడిపేవారు అప్పుడు మందలించరాదు. ఆట ముగిసిన తరువాత "ఎవరూ చూడనప్పుడు నిజం చెప్పడం కష్టమా?" అని అందరినీ అడిగితే చాలు. నాలుగైదు వారాలు గడిచేసరికి తామే ఒప్పుకొనేవారు పెరుగుతారు.

3. పది పెంకులాట

ఏడు పెంకులాట, లగోరి అనే ఆటకు ఇది మార్పు. పది పెంకులపై సుద్దతో అంకెలు వేసి, ఒకటవది అడుగున ఉండేలా పేర్చాలి. ఒక జట్టు గుడ్డబంతితో కొట్టి పడగొడుతుంది. అదే జట్టు ఎదుటివారి బంతి తగలకుండా తిరిగి పేర్చాలి. ఒక్కొక్క పెంకు పెట్టేటప్పుడు దాని ఆజ్ఞను గట్టిగా చెప్పాలి. వరుస తప్పితే మళ్లీ మొదటి నుండి.

ఆట తరువాత రెండు ప్రశ్నలు అడగవచ్చు. అడుగు పెంకు లేకుండా మిగిలినవి నిలుస్తాయా? ఒక్క పెంకుకే బంతి తగిలినా మొత్తం ఎందుకు పడింది? యాకోబు పత్రిక 2వ అధ్యాయంలో ఒక్క ఆజ్ఞ విషయంలో తప్పినవాడు ధర్మశాస్త్రమంతటి విషయంలోనూ అపరాధి అవుతాడన్న భావం ఉన్నది. పెంకులు కూలడం చూసిన పిల్లలకు దానిని వివరించడం సులభం. పడినదానిని తిరిగి పేర్చే అవకాశం ఉన్నదన్నది కూడా అదే ఆటలోని పాఠం.

4. ఏడవ చప్పట్ల విశ్రాంతి

పిల్లలు యజమాని, కూలి, ఎద్దు, అతిథి, ఇంటి పిల్లలు అని వేషాలు పంచుకుంటారు. నడిపేవారు చప్పట్లు కొడుతుంటే ఒక్కొక్క చప్పట్లకు ఒక్కొక్క పని: నీళ్లు తోడడం, కలుపు తీయడం, మల్బరీ ఆకు కోయడం, పాలు పితకడం, రాగిసంగటి కెలకడం, వాకిలి ఊడ్వడం. ఏడవ చప్పట్లకు అందరూ కూర్చోవాలి. యజమాని కూర్చొని కూలివానిని గాని ఎద్దును గాని పనిచేయిస్తే ఆ జట్టు ఓడిపోయినట్లే.

నాలుగవ ఆజ్ఞలో పనివారికి, పశువులకు, ఇంట ఉన్న పరదేశికి కూడా విశ్రాంతి చెప్పబడింది. పెద్దలు కూడా తరచు మరచే ఈ భాగం పిల్లలకు ఆటలోనే స్పష్టమవుతుంది. పట్టుపురుగులు పెంచే ఇళ్ల పిల్లలు తప్పక ఒక ప్రశ్న వేస్తారు: ఆదివారం నాడు పురుగులకు ఆకు వేయకపోతే ఎలా? మత్తయి సువార్త 12వ అధ్యాయంలో విశ్రాంతి దినాన గుంటలో పడిన గొర్రెను పైకి తీయడం గురించి యేసు అడిగిన ప్రశ్నయే దీనికి జవాబు. జీవిని ఆకలితో ఉంచడం విశ్రాంతి కాదు. ఆ పనిని ఒక్కరిపైనే వేయక పంచుకోవడం విశ్రాంతికి దగ్గరి దారి. విశ్రాంతి దినం చాలా సంఘాలలో ఆదివారం, సెవెంత్ డే అడ్వెంటిస్టులకు శనివారం అన్న సంగతి కూడా ఇక్కడ చెప్పవచ్చు.

5. సంత ఆట

రెండు కొబ్బరి చిప్పలు, ఒక కర్ర, కొంత దారంతో తక్కెడ కట్టాలి. చింతగింజలు, గులకరాళ్లు సరుకులు. నలుగురు అమ్మేవారు, మిగిలినవారు కొనేవారు. ఆటకు ముందు అమ్మేవారికి మడిచిన చీట్లు ఇవ్వాలి. మూడింటిలో "సరిగా తూచు" అని, ఒకదానిలో "తక్కువ తూచు" అని ఉంటుంది. కొనేవారు ఎవరు తక్కువ తూచారో కనిపెట్టాలి. రుజువు లేకుండా ఒకరిపై నింద వేస్తే వారికి ఒక గింజ జరిమానా.

టమోటా, పట్టుగూళ్లు తూకానికి వెళ్లే ఊళ్ల పిల్లలకు తూకం మాట బాగా తెలుసు. దొంగతనమంటే జేబు కొట్టడమొక్కటే కాదని, తూకంలో తగ్గించడం, కూలి ఎగవేయడం, అరువు తెచ్చిన వస్తువు తిరిగి ఇవ్వకపోవడం కూడా అందులోకే వస్తాయని ఈ ఆట చూపుతుంది. న్యాయమైన త్రాసును గురించి లేవీయకాండము 19వ అధ్యాయంలో ఉన్న మాటలను తరువాత చదివించవచ్చు. రుజువులేని నిందకు జరిమానా ఉండడం వలన ఎనిమిదవ ఆజ్ఞతో పాటు తొమ్మిదవది కూడా ఇందులో కలిసి వస్తుంది.

6. చూసినంతే చెప్పు

ఇద్దరు పిల్లలు అరనిమిషం పాటు మాటలు లేకుండా ఒక చిన్న సంఘటన నటించాలి. ఉదాహరణకు, ఒకరు బుట్ట దించి వెళ్తారు, మరొకరు వచ్చి బుట్టను కొంచెం ప్రక్కకు జరుపుతారు. తరువాత సాక్షులు ఒక్కొక్కరుగా వచ్చి చూసినది చెప్పాలి. "దొంగిలించబోయాడు" అని చెబితే అది చూసినది కాదు, ఊహించినది. ఊహను చేర్చినవారికి మార్కు లేదు, "నాకు తెలియదు" అని నిజంగా చెప్పినవారికి మార్కు ఉన్నది. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట లేనిదే నేరం స్థిరపరచరాదని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయంలో ఉన్నది. పల్లెలో పుకారు ఎంత దూరం పోతుందో తెలిసిన పిల్లలకు ఈ ఆట లోతుగా నాటుకుంటుంది.

7. నాబోతు తోట

పదేళ్లు దాటినవారికి తగిన నాటిక ఇది. రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయంలోని కథను నటిస్తారు. ఆహాబు రాజు తన నగరును ఆనుకొని ఉన్న నాబోతు ద్రాక్షతోటను కోరుకుంటాడు. అది పితరుల స్వాస్థ్యమని నాబోతు ఇవ్వడు. రాణి యెజెబెలు అబద్ధ సాక్షులను నిలిపి, దేవుని దూషించాడనే నింద వేయించి, నాబోతును రాళ్లతో కొట్టించి చంపిస్తుంది. రాజు తోటను స్వాధీనం చేసుకుంటాడు. ఏలీయా ప్రవక్త వచ్చి రాజును నిలదీస్తాడు.

చూసేవారి చేతిలో పది అంకెల చీట్లు ఉంటాయి. ఏ ఆజ్ఞ మీరబడిందో గుర్తించిన వెంటనే ఆ చీటీ ఎత్తాలి. దురాశ, అబద్ధ సాక్ష్యం, హత్య, అపహరణ వరుసగా వస్తాయి. దేవుని పేరును కుట్రకు వాడుకోవడం మూడవ ఆజ్ఞకు చెందుతుందని కొందరే పట్టుకుంటారు. పదవ ఆజ్ఞను మీరడం కంటికి కనిపించదు, కాని కథలోని మిగిలిన దోషాలన్నీ దాని నుండే పుట్టాయని పిల్లలు తామే తెలుసుకోవడం ఈ ఆట ప్రయోజనం. ద్రాక్షతోటలు, పిత్రార్జిత భూమి, గట్టు తగాదాలు ఈ జిల్లా పిల్లలకు కొత్తవి కావు గనుక కథ పరాయిగా అనిపించదు.

8. వామనగుంటల ప్రశ్న

అళిగుళిమణె అని కన్నడంలో పిలిచే వామనగుంటలను మామూలుగానే ఆడించి, చివర ఒక ప్రశ్న వేయాలి: ఎదుటివారి గింజలు గెలుచుకోవడం దొంగతనమా? ఇద్దరూ ముందుగా ఒప్పుకొన్న నియమం ప్రకారం గెలవడం దొంగతనం కాదు, ఎదుటివారు చూడనప్పుడు గింజ తీయడం దొంగతనం, ఓడిన కోపంతో వారి గింజలపైనే మనసు పెట్టుకోవడం దురాశ. ఎనిమిదవ, పదవ ఆజ్ఞల మధ్య తేడా ఇంతకంటె సులభంగా చెప్పడం కష్టం.

9. అవ్వ వద్ద అరువు

ఇది ఇంటి ఆట. వారానికి ఒక ఆజ్ఞను తీసుకొని, దానిని తెలుగు బైబిలు నుండి చదివి వినిపించమని పిల్లలు అవ్వనో తాతనో అడగాలి. అర్థం కాని ఒక తెలుగు మాటను "అరువు" తెచ్చి ఆదివారం నాడు తోటివారికి చెప్పాలి. బదులుగా అదే మాటకు కన్నడ మాటను అవ్వకు "వడ్డీ"గా ఇవ్వాలి. చదువురాని అవ్వ అయితే తనకు తెలిసిన కథ చెబుతుంది. అయిదవ ఆజ్ఞను గురించి ఉపన్యాసం అక్కరలేకుండానే పెద్దలను అడిగి తెలుసుకొనే అలవాటు కలుగుతుంది, ఇంటి బైబిలు మూలపడకుండా నిలుస్తుంది.

వయసును బట్టి ఎంపిక

నాలుగు నుండి ఆరేళ్ల వారికి వేళ్ల గుర్తులు, ఏడవ చప్పట్ల ఆట చాలు. ఏడు నుండి పదేళ్ల వారికి తొక్కుడుబిళ్ల, పెంకులాట, సంత ఆట తగినవి. పదేళ్లు దాటినవారు సాక్ష్యపు ఆట, నాటిక ఆడగలరు. ఏడవ ఆజ్ఞను చిన్నపిల్లలకు "ఇచ్చిన మాటను కుటుంబంలో నిలుపుకోవడం" అని చెప్పడం సరిపోతుంది. ఒక్క కూర్చోబాటులో పది ఆజ్ఞలూ నేర్పడం కంటె వారానికి ఒకటి చొప్పున పది వారాలు నడపడం మేలు.

పాటించవలసిన జాగ్రత్తలు

బహుమతులు జట్టుకు ఇవ్వాలి, ఒక్కరికి కాదు. దురాశ తగదని నేర్పే ఆట చివర ఒక్కరికే మెరిసే బహుమతి ఇస్తే మిగిలినవారికి అందే పాఠం వేరు. అప్పగించలేని పిల్లలను నిలబెట్టడం, నవ్వడం, కొట్టడం ఉండరాదు. నత్తి గల పిల్లలు గుర్తులతోనే జవాబు ఇవ్వవచ్చు, కుంటలేని పిల్లలు బిళ్ల విసిరి మాట చెబితే చాలు.

రెండవ ఆజ్ఞను నేర్పేటప్పుడు పొరుగువారి దేవుళ్లను, పండుగలను ఎగతాళి చేసే ఆటలు పెట్టరాదు. ఈ పల్లెలలో ఒకే గోడకు ఇరుప్రక్కల వేర్వేరు విశ్వాసాల కుటుంబాలు ఉంటాయి. పొరుగువానిని గౌరవించడం కూడా ఆజ్ఞలలో భాగమే. ఇతర మతాల పిల్లలు ఆటకు వస్తే వారి తల్లిదండ్రులకు విషయం తెలిపి, వారి అనుమతి ఉన్నప్పుడే చేర్చుకోవాలి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడులలో మతబోధ చేయరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతున్నది గనుక, ఈ ఆటలకు ఇల్లు, సంఘం తగిన చోట్లు.

అన్నిటికంటె ముఖ్యమైనది అయిదవ ఆజ్ఞ విషయం. తల్లిదండ్రులను గౌరవించమనే మాటను పెద్దలు చేసే కీడును దాచమనే అర్థంలో ఎన్నడూ చెప్పరాదు. ఎవరైనా, అది బంధువైనా, బోధకుడైనా, తమను తాకరాని విధంగా తాకితే, హింసిస్తే నమ్మకమైన వేరొక పెద్దకు చెప్పడం ఆజ్ఞను మీరడం కాదని పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. సాక్ష్యపు ఆట ఆడిన రోజునే ఈ మాట చెప్పడం మంచిది, ఎందుకంటె నిజం పలకడం కూడా ఆజ్ఞయే. పిల్లల సహాయానికి 1098 అనే ఉచిత ఫోను సంఖ్య ఉన్నది. లైంగిక నేరాల నుండి పిల్లలను కాపాడే పోక్సో చట్టం 2012 నుండి అమలులో ఉన్నది.

ఇంట్లో నడిపే క్రమం

ఆదివారపు బడి దూరంగా ఉన్న పల్లెలలో ఇంటివారే ఈ ఆటలు నడపవచ్చు. వారంలో ఒక సాయంత్రం అరగంట చాలు. మొదటి అయిదు నిమిషాలు వేళ్ల గుర్తులతో పాత ఆజ్ఞలను తిప్పాలి. తరువాత ఆ వారపు ఆజ్ఞను తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి వినిపించాలి. పదిహేను నిమిషాలు ఆట, చివరి పది నిమిషాలు మాట. "ఈ వారం బడిలోనో పొలంలోనో ఈ ఆజ్ఞ మీకు గుర్తుకు వచ్చిన చోటు ఏది?" అన్న ఒక్క ప్రశ్న అడిగి, పిల్లలు చెప్పేది వినాలి. పెద్దలు కూడా అదే ప్రశ్నకు జవాబు చెప్పాలి. యేసు ఆజ్ఞలన్నింటినీ దేవుని ప్రేమించడం, పొరుగువానిని ప్రేమించడం అనే రెండింటిలో ఇమిడ్చినట్లు మత్తయి సువార్త 22వ అధ్యాయంలో ఉన్నది. పది వారాల చివర పదింటినీ ఆ రెండు కుప్పలుగా పిల్లల చేతనే విడదీయించి క్రమాన్ని ముగించవచ్చు. మొదటి నాలుగు ఒక కుప్పలో, మిగిలిన ఆరు మరొక కుప్పలో చేరుతాయి.